మంద స్థితిని ఎలా నిర్ణయించాలి? పశువుల, జింకల మందల వ్యాధి వర్గీకరణ

(ఒంగోలులో పశువైద్యులు, గోపాలమిత్రలు, పశుపోషకులు కలిసి జరుపుకున్న సమావేశంలో విశ్రాంత పశువైద్యుడొకరు చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

ఒంగోలు గిత్తను కొనడానికి వచ్చినవారు ఏమేమి చూస్తారో ఈ సభలో ఉన్నవారికి నేను చెప్పనక్కరలేదు. పళ్లు చూస్తారు, సుడులు చూస్తారు, మూపురం నిలుపును, గంగడోలు వేలాడే తీరును, గిట్టలను చూస్తారు, నాలుగడుగులు నడిపించి నడక చూస్తారు. పాడి ఆవైతే రెండు పూటలా పాలు పిండించి చూస్తారు. ఇంత నిశితంగా చూడగలిగిన మన రైతు ఒక్క ప్రశ్న మాత్రం అడగడు. ఈ పశువు ఏ దొడ్డిలో పెరిగింది, ఆ దొడ్డిలో గడచిన అయిదారేళ్లలో ఎన్ని చూడి ఆవులు ఈసుకుపోయాయి, ఎన్ని పశువులు మేత తింటూనే చిక్కిపోయి చనిపోయాయి, బయటినుంచి ఏయే పశువులు వచ్చి ఆ దొడ్డిలో కలిశాయి అన్నది ఆ ప్రశ్న. అడగకపోవడానికి కారణం రైతు అశ్రద్ధ కాదు. అడిగినా నమ్మకంగా జవాబు చెప్పగలిగిన కాగితం మన దగ్గర లేదు. ఆ కాగితం ఎలా తయారవుతుంది, దాని మీద ఏమి రాయాలి, దాన్ని ఎప్పుడు నమ్మాలి, ఎప్పుడు నమ్మకూడదు అన్నదే ఈనాటి నా విషయం.

ముందుగా ఒక సంగతి స్పష్టం చేయాలి. వ్యాధి స్థితి అనేది పశువుకు ఉండదు, మందకు ఉంటుంది. పశువుకు ఉండేది ఆ రోజు పరీక్ష ఫలితం మాత్రమే. ఈ రెండింటినీ కలిపేసుకోవడం వల్లనే మనం డబ్బు ఖర్చుపెట్టి పరీక్షలు చేయిస్తున్నా జబ్బు మాత్రం కొట్టం వదిలిపెట్టడం లేదు. క్షయ విషయం తీసుకుంటే ఇది తేటతెల్లమవుతుంది. పశువుల క్షయను కలిగించే మైకోబాక్టీరియం బోవిస్, దానికి దగ్గరి బంధువైన మైకోబాక్టీరియం ఒరిజిస్ వంటి క్రిములు శరీరంలో చేరిన తరువాత నెలల తరబడి, ఒక్కొక్కసారి ఏళ్ల తరబడి పైకి ఏ లక్షణమూ కనిపించనివ్వవు. నివురుగప్పిన నిప్పులాంటి ఈ జబ్బును కంటితో చూసి పట్టుకోలేము కాబట్టి ట్యూబర్కులిన్ (క్షయ క్రిమినుంచి తీసిన ప్రోటీన్ల మందు) పరీక్ష మీద ఆధారపడుతున్నాము.

ఆ పరీక్ష తీరు మీలో చాలామందికి తెలుసు, అయినా పశుపోషకుల కోసం ఒకసారి చెబుతాను. మెడ మీద అరచేతి మేర వెంట్రుకలు గొరిగి, అక్కడి చర్మాన్ని మడతగా పట్టి, కాలిపర్‌తో దాని మందాన్ని మిల్లీమీటర్లలో కొలిచి రాసుకుంటాము. తరువాత ఒక మిల్లీలీటరులో పదో వంతు ట్యూబర్కులిన్‌ను చర్మం పొరలలోకి ఎక్కిస్తాము. సూది సరిగా పడితే వేలికి పెసరగింజంత బొడిపె తగులుతుంది. తగలలేదంటే మందు చర్మం కిందికి పోయిందని అర్థం, ఆ పరీక్ష చెల్లదు. సరిగ్గా 72 గంటలకు మళ్లీ అదే చోట, అదే కాలిపర్‌తో, వీలైతే అదే మనిషి కొలవాలి. మందం నాలుగు మిల్లీమీటర్లు, అంతకు మించి పెరిగినా, ఆ చోట నీరు పట్టినా, నొప్పిగా ఉన్నా ఆ పశువు స్పందించినట్టు, అంటే జబ్బున్నదిగా లెక్క. రెండు మిల్లీమీటర్లకు మించి, నాలుగుకు లోపల ఉంటే అనుమానం. రెండుకు మించకపోతే స్పందన లేనట్టు. నేలలోను, పక్షులలోను ఉండే ఇతర మైకోబాక్టీరియాల వల్ల కూడా చర్మం ఉబ్బవచ్చు కాబట్టి, మెడ మీద ఒకచోట పక్షిజాతి ట్యూబర్కులిన్‌ను, మరొకచోట పశుజాతి ట్యూబర్కులిన్‌ను వేసి, రెండు వాపులనూ పోల్చే పద్ధతి కూడా ఉంది. మూడో రోజున వెళ్లడానికి తీరిక లేక, వాపు వచ్చిందా అని ఫోనులో రైతును అడిగి రిజిస్టరు నింపడం కంటే అసలు పరీక్ష చేయకపోవడమే మేలని నా అభిప్రాయం, ఎందుకంటే పరీక్ష చేయని మందను ఎవరూ నమ్మరు, తప్పుగా చేసిన మందను అందరూ నమ్ముతారు.

ఇంత జాగ్రత్తగా చేసినా ఈ పరీక్షకు లోపాలున్నాయి. జబ్బు బాగా ముదిరిన పశువు స్పందించే శక్తినే కోల్పోయి, స్పందన లేని పశువుగా నమోదవుతుంది. కొత్తగా ఈనిన ఆవు కూడా అలాగే మోసం చేయవచ్చు. ఒకసారి ట్యూబర్కులిన్ పడిన పశువు చర్మం కొంతకాలం మొద్దుబారుతుంది కాబట్టి కనీసం 42 రోజులు గడవనిదే మళ్లీ పరీక్షించకూడదు. సంతకు తోలుకెళ్లే ముందు పశువుకు పరీక్ష చేయించి, పది రోజులకు కొనుగోలుదారు చేత మళ్లీ చేయిస్తే ఏ వాపూ రాకపోవడంలో ఆశ్చర్యం లేదు.

ఇప్పుడు చిన్న లెక్క వేద్దాము. ఈ పరీక్ష జబ్బున్న అయిదు పశువులలో నాలుగింటిని పట్టి, ఒకదానిని వదిలేస్తుందని అనుకుందాము. జబ్బున్న ఒక్క ఆవును మీరు కొంటే, అది పరీక్ష దాటిపోయి మీ కొట్టంలో చేరే అవకాశం అయిదింట ఒకటి. అది చిన్న ప్రమాదం కాదు. అదే జబ్బున్న పశువులు మూడు ఉన్న మంద మొత్తాన్ని పరీక్షిస్తే, మూడూ తప్పించుకునే అవకాశం నూట ఇరవై అయిదింట ఒకటి మాత్రమే. ఆరు నెలల తరువాత అదే మందను మళ్లీ పరీక్షిస్తే అది ఇంకా తగ్గుతుంది. అంటే ఒక్కొక్క పశువు విషయంలో బలహీనంగా ఉన్న పరీక్ష, మంద విషయంలో బలమైన సాక్ష్యమవుతుంది. ఇంకోవైపు చూడండి. ఆరోగ్యంగా ఉన్న నూరు పశువులలో ఒకదానిని ఈ పరీక్ష పొరపాటున జబ్బుదని చూపుతుందనుకుంటే, మూడు వందల పశువులున్న ఊళ్లో జబ్బే లేకపోయినా మూడు పశువులు స్పందించినట్టు కనిపిస్తాయి. వాటిని చూసి ఊరంతటికీ క్షయ ముద్ర వేస్తే అన్యాయం, అసలు పట్టించుకోకపోతే ప్రమాదం. ఈ రెంటి మధ్య నిలబడటానికే మందలను తరగతులుగా విభజించే పద్ధతులు పుట్టాయి.

ప్రపంచ పశు ఆరోగ్య సంస్థ నియమావళి ప్రకారం ఒక మంద క్షయరహితమని చెప్పాలంటే, అందులో ఏ పశువుకూ జబ్బు లక్షణాలు ఉండకూడదు, ఆరు వారాలు దాటిన పశువులన్నీ కనీసం ఆరు నెలల ఎడంతో జరిపిన రెండు పరీక్షలలోనూ స్పందన చూపకూడదు, ఆ తరువాత మందలో చేరే ప్రతి పశువూ క్షయరహితమైన మందనుంచే రావాలి, లేదా తగిన పరీక్షలు దాటి రావాలి. దేశం మొత్తానికి ఆ హోదా కావాలంటే మూడేళ్లపాటు నూటికి 99.8 వంతుల మందలు ఈ స్థితిలో నిలవాలి. ఇక్కడ మొదటి రెండు షరతులను అందరూ గుర్తుపెట్టుకుంటారు. నా అనుభవంలో మందలను కాపాడేదీ, ముంచేదీ కూడా మూడో షరతే.

దీన్ని పాటించి చూపించిన దేశంగా న్యూజిలాండును కొంచెం వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే అక్కడ ఆవుల మందలనూ, పెంపుడు జింకల మందలనూ ఒకే చట్టం కింద, ఒకే రకమైన తరగతులతో లెక్కగడతారు. అక్కడి జింకలు మన చుక్కల దుప్పుల వంటివి కావు. ఐరోపానుంచి తెచ్చి వదిలిన ఎర్ర జింకలు అడవులలో విపరీతంగా పెరిగితే, 1970 ప్రాంతంలో వాటిని కంచెల మధ్య పెంచడానికి అనుమతులిచ్చారు. మాంసం కోసం, లేత కొమ్ముల కోసం పెంచే ఆ మందలలోకి క్షయ చేరింది. అక్కడ తరగతులకు అక్షరాలు పెట్టారు. జబ్బు లేదని తేలిన మందకు సి, జబ్బున్న మందకు ఐ, తేలేవరకు నిలిపివేసిన మందకు ఎస్. ఈ అక్షరం పక్కన వేసే అంకెలోనే అసలు తెలివి ఉంది. సి-1 అంటే జబ్బు లేకుండా ఒక ఏడాది నిలిచిన మంద, సి-5 అంటే అయిదేళ్లు నిలిచిన మంద, సి-10 అంటే పదేళ్లు, అంతకు మించి నిలిచిన మంద. నిన్న కొత్తగా శుభ్రపడిన మందనూ, పదేళ్లుగా ఏ మచ్చా లేని మందనూ ఒకే మాటతో పిలవకపోవడం వల్ల కొనేవాడికి ప్రమాదం ఎంతో అంకెలోనే కనిపిస్తుంది. సి-8 మంద యజమాని సి-2 మందనుంచి పశువును తెచ్చుకుంటే తన మంద విలువ కూడా దిగజారుతుందని అతనికి తెలుసు. పశువు ఒక చోటినుంచి మరో చోటికి కదిలేటప్పుడు దాని మంద స్థితిని తెలిపే పత్రం దానితో పాటే వెళ్లాలి. ఈ పద్ధతిలో అధికారి వచ్చి బెదిరించవలసిన అవసరం చాలావరకు తగ్గుతుంది, ఎందుకంటే బేరమే నియమాన్ని అమలు చేస్తుంది. 1990ల మధ్యలో ఆ దేశంలో జబ్బున్న మందలు దాదాపు 1,700 ఉండేవి. ఇప్పుడు అవి పదుల సంఖ్యకు దిగాయి.

ఇది కేవలం పరీక్షలతో సాధ్యపడలేదని కూడా చెప్పాలి. ఆస్ట్రేలియానుంచి తెచ్చి వదిలిన పోసమ్ అనే చిన్న జంతువులో ఆ జబ్బు ఉందనీ, మందలు ఎంత శుభ్రం చేసినా మళ్లీ అంటుకోవడానికి అదే మూలమనీ 1960ల చివరలో బయటపడింది. అప్పటినుంచి మందల తరగతులతో పాటు ప్రాంతాలకు కూడా తరగతులు పెట్టారు. అడవి జంతువులలో జబ్బున్న ప్రాంతాలలో పరీక్షలు తరచుగా చేస్తారు, కొన్ని చోట్లనుంచి పశువును బయటికి తోలే ముందు విధిగా పరీక్షించాలి. జబ్బు లేని ప్రాంతంలో ఎడం ఎక్కువ. మంద స్థితి అంటే ఆ మంద చరిత్ర ఒక్కటే కాదు, ఆ మంద నిలబడిన నేల చరిత్ర కూడా అని దీనివల్ల అర్థమవుతుంది.

జింకల పరీక్ష ఆవుల పరీక్ష కంటే చాలా కష్టం. ఆవును తలుగుతో కట్టి నిలబెట్టవచ్చు, జింకను అలా నిలబెట్టలేము. సూది వేయడానికి ఒకసారి, 72 గంటల తరువాత కొలవడానికి మరొకసారి దాన్ని ఇరుకు గదిలోకి తోలాలి. బెదిరిన జింక ఆ కంగారుకే కండరాలు దెబ్బతిని చనిపోవచ్చు. దాని చర్మం పలుచన, ఇతర మైకోబాక్టీరియాలకు స్పందన ఎక్కువ, కాబట్టి తప్పుడు వాపులు కూడా ఎక్కువే. అందుకని మెడ మీది పరీక్షలో స్పందించిన జింకను వెంటనే దోషిగా నిర్ణయించకుండా, పోల్చి చూసే పరీక్ష గానీ, రక్తపరీక్ష గానీ చేసి తేల్చుకుంటారు. జబ్బు నిజంగా పట్టిన జింకలో మాత్రం అది వేగంగా ముదిరి, గొంతు వెనుక గ్రంథులలో చీము గడ్డలు కడుతుంది. అమెరికాలో పెంపుడు జింకల మందలను గుర్తింపు పొందినవి, అర్హత పొందినవి, పర్యవేక్షణలో ఉన్నవి అని వేరువేరు మెట్లుగా విడదీయడానికి ఈ కష్టమే కారణం. జంతువును ఎంత తరచుగా పట్టగలమో దాన్నిబట్టి, ఎంత నమ్మకంగా మాట్లాడగలమో మారుతుంది.

ఇంకో ముఖ్యమైన అంశం, ఒకే కొలత అన్ని మందలలోనూ ఒకే అర్థం ఇవ్వదు. పదేళ్లుగా శుభ్రంగా ఉన్న మందలో ఒక పశువు మూడు మిల్లీమీటర్లు ఉబ్బితే అది పొరపాటు కావడానికే అవకాశం ఎక్కువ. నిరుడు జబ్బు తేలిన మందలో అదే మూడు మిల్లీమీటర్ల వాపు చాలా పెద్ద హెచ్చరిక. బ్రిటన్‌లో జబ్బు నిర్ధారణ అయిన మందలలో కొలతలను కఠినంగా చదివి, మామూలు మందలో అనుమానంగా వదిలేసే పశువును కూడా స్పందించినదిగానే లెక్కిస్తారు. అరవై రోజులకొకసారి పరీక్షిస్తూ, వరుసగా శుభ్రమైన ఫలితాలు వచ్చేవరకు ఆ మందకు పోయిన హోదాను తిరిగి ఇవ్వరు. కాలిపర్ ఇచ్చే అంకె సగమే, మిగతా సగం ఆ మంద గతం. గతం రాసుకోని చోట కాలిపర్ ఉన్నా ఉపయోగం తక్కువ.

ఇక మన నేలకు వద్దాము. ఇక్కడ మొదట వచ్చే చిక్కు, దేన్ని మంద అనాలి అన్నది. న్యూజిలాండులో ఒక కంచె, ఒక యజమాని, అందులో వందల పశువులు. మన దగ్గర ఒక ఇంటికి రెండు ఆవులు, ఒక జత ఎడ్లు, నాలుగు బర్రెలు. ఒక్కొక్క కొట్టాన్ని ఒక్కొక్క మందగా లెక్కిస్తే కాగితం మీద ఊళ్లో రెండు వందల మందలు తయారవుతాయి, పొద్దున మేతకు వదలగానే రెండు వందల మందలూ ఒకటవుతాయి. ఒకే చెరువులో నీళ్లు తాగి, ఒకే బీడులో మేసి, ఒకే ఆంబోతుకు చూలు కట్టి, వేసవిలో ఒకే చెట్టు నీడన నెమరువేసే పశువులను గోడలను బట్టి వేరువేరు మందలనడం వ్యాధి దృష్టిలో అర్థం లేని పని. మన జిల్లాలలో ఊరే మంద. ఊరిని ఒక ప్రమాణంగా తీసుకుని, ఊరి పశువులన్నిటినీ ఒకే వారంలో పరీక్షించి, ఊరికి తరగతి ఇవ్వాలన్నది నా గట్టి అభిప్రాయం. ఊరంతా కలిస్తేనే లెక్కకు బలం వస్తుందని ఇందాక చూశాము. రెండు ఆవులున్న ఇంట్లో పరీక్ష దాదాపు ఏమీ చెప్పలేదు, మూడు వందల పశువులున్న ఊరి గురించి చాలా చెబుతుంది.

దీనికి మినహాయింపులు ఉన్నాయి. చదలవాడ పశుక్షేత్రం వంటి ప్రభుత్వ క్షేత్రాలు, పెద్ద గోశాలలు, కంచె వేసుకుని బయటి పశువులతో కలవనివ్వని పెద్ద డెయిరీలు తమంతట తాము మందలు. వీటిలో గోశాలల విషయం కొంచెం నిష్కర్షగా చెప్పవలసి ఉంది. ఎక్కడెక్కడినుంచో వదిలేసిన, పట్టుకొచ్చిన, చరిత్ర తెలియని పశువులు చేరే చోటు అది. కొత్తగా వచ్చిన పశువును పాతవాటితో కలపకుండా వేరే కొట్టంలో ఉంచి, పరీక్ష అయిన తరువాతే కలపాలన్న ఒక్క నియమం పాటించని గోశాలకు ఎన్ని పరీక్షలు చేసినా ఏ తరగతీ నిలవదు. అక్కడినుంచి దానంగా రైతుకు వెళ్లే ఆవుతో పాటు ఏమి వెళుతుందో ఎవరికీ తెలియదు.

అలాగే బండలాగుడు పోటీలకు వెళ్లే ఎడ్ల జతలు. వాటి యజమానులు వాటికి పెట్టే దాణా, చేసే సేవ చూస్తే ముచ్చటేస్తుంది. ఆ ఎడ్లు సంక్రాంతినుంచి ఉగాది దాకా ఊరూరా తిరిగి, ఎక్కడెక్కడి ఎడ్ల పక్కనో రాత్రుళ్లు కట్టేసి ఉండి, అక్కడి తొట్లలో నీళ్లు తాగి తిరిగి వస్తాయి. వ్యాధి లెక్కలో ఆ జత మీ ఊరి మందకు చెందదు. దాన్ని వేరే కొట్టంలో కట్టి, వేరే తొట్టి పెట్టి, వేరే రిజిస్టరులో రాసి, ఏడాదికొకసారి విడిగా పరీక్షించడం వారి గౌరవానికి భంగం కాదని ఆ యజమానులకు మనమే నచ్చజెప్పాలి.

మన గిత్తల గొప్పతనం చెప్పుకునేటప్పుడు బ్రెజిల్ పేరు తప్పక వస్తుంది. అప్పట్లో ఒంగోలు నెల్లూరు జిల్లాలోనే ఉండేది కాబట్టి అక్కడికి వెళ్లిన మన పశువులకు నెలోర్ అన్న పేరే స్థిరపడింది, ఈనాడు అక్కడ మాంసపు పశువులలో వాటిదే పైచేయి. అదే బ్రెజిల్ 2001లో చూడి ఆవులు ఈసుకుపోయేలా చేసే బ్రూసెల్లోసిస్, క్షయ నివారణకు జాతీయ కార్యక్రమం మొదలుపెట్టి, ఈ రెండు జబ్బులూ లేని క్షేత్రాలకు ధ్రువపత్రాలు ఇచ్చే పద్ధతి పెట్టిందన్న సంగతి మాత్రం మన సభలలో ఎవరూ ప్రస్తావించరు. మన జాతి పుట్టిన ఊళ్లలో అటువంటి పత్రం ఉన్న మందలు ఉండాలని కోరుకోవడం పెద్ద ఆశ కాదని నేను అనుకుంటున్నాను. ఘనీకృత వీర్య కేంద్రాలలోని ఆంబోతులకు క్షయ, బ్రూసెల్లోసిస్, జోన్స్ వ్యాధి (పేగులకు పట్టి పశువును చిక్కిపోయేలా చేసే జబ్బు) పరీక్షలు ఇప్పటికే తప్పనిసరి. ఆ కేంద్రాలకు ఎంపికయ్యే కోడెదూడలు పుట్టే ఊళ్లకు కూడా అదే శ్రద్ధ అందాలి.

పని ఎక్కడ మొదలుపెట్టాలి అంటే, క్షయతో కాకుండా బ్రూసెల్లోసిస్‌తో మొదలుపెట్టమంటాను. చూడి ఆవు అయిదో నెల దాటిన తరువాత ఈసుకుపోవడం రైతు కళ్లెదుట జరిగే నష్టం, కాబట్టి అతను వింటాడు. పైగా ఈ జబ్బుకు మందను ఒక్కసారిగా జల్లెడపట్టే తేలికైన పరీక్ష ఉంది. పాల సేకరణ కేంద్రంలో ఆవుపాలను పరీక్షనాళికలో తీసుకుని, నీలిరంగు అద్దిన బ్రూసెల్లా యాంటిజెన్‌ను చుక్క వేసి కలిపి, శరీరపు వేడిలో ఒక గంట ఉంచితే, ఆ క్రిమికి ప్రతిరక్షకాలున్న పాలలో నీలం రంగంతా పైకి తేలి మీగడ దగ్గర వలయం కడుతుంది, అడుగు పాలు తెల్లబడతాయి. వలయం కట్టకుండా పాలంతా సమానంగా నీలంగా ఉంటే అనుమానం లేదు. ఒక ఊరి క్యాను ఇలా పరీక్షిస్తే ఏ ఊరికి రక్తపరీక్షల బృందం ముందు వెళ్లాలో తెలుస్తుంది. ఈనిన కొత్తల్లోని జున్నుపాలు, పొదుగువాపు పాలు కలిస్తే తప్పుడు వలయం రావచ్చు కాబట్టి ఒక్క క్యానుతో ఊరికి ముద్ర వేయకూడదు. ఆ ఊరిని నిలిపివేత తరగతిలో పెట్టి, రోజ్ బెంగాల్, ఎలైజా అనే రక్తపరీక్షలతో పశువు పశువునూ తేల్చాలి.

దీనికి టీకా చరిత్ర కావాలి. బ్రూసెల్లా ఎస్-19 టీకాను పెయ్యదూడలకు మాత్రమే, నాలుగునుంచి ఎనిమిది నెలల వయసులో, జీవితంలో ఒక్కసారే వేస్తాము. వయసు దాటిన తరువాత వేస్తే ఆ టీకా ప్రతిరక్షకాలు రక్తంలో చాలాకాలం నిలిచిపోయి, జబ్బుకూ టీకాకూ తేడా తెలియకుండా పోతుంది. టీకా వేసిన తేదీ రాయకపోతే రేపు ఆ ఊరి వర్గీకరణ మొత్తం తారుమారవుతుంది. 2019లో మొదలైన జాతీయ పశువ్యాధి నియంత్రణ కార్యక్రమంలో చెవికి పన్నెండంకెల పసుపు పోగు వేసి, ఆ సంఖ్య కింద వివరాలు కంప్యూటరుకు ఎక్కించే ఏర్పాటు వచ్చింది. పోగు ఊడిన పశువుకు కొత్త పోగు వేసేటప్పుడు పాత సంఖ్యను కూడా రాయండి. రాయకపోతే ఆ పశువు గతం అక్కడితో తెగిపోతుంది.

జింకల సంగతి మన దగ్గర వేరు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం జింకలను పెంచి అమ్మడం కుదరదు, కాబట్టి న్యూజిలాండులో మాదిరి జింకల మందకు తరగతి ఇచ్చే అవసరం జంతు ప్రదర్శనశాలలకు, జింకల పార్కులకు మాత్రమే వస్తుంది. అవి కంచె మధ్య ఉన్న మందలే కాబట్టి, చనిపోయిన ప్రతి జింకకూ శవపరీక్ష చేసి, గొంతు గ్రంథులను, ఊపిరితిత్తులను కోసి చూసి నమోదు చేస్తే చాలావరకు స్థితి తెలుస్తుంది. బతికున్న జింకను పట్టి బెదరగొట్టడం కంటే ఇదే సరైన దారి. చెన్నైలో చుక్కల దుప్పిలోను, కృష్ణజింకలోను మైకోబాక్టీరియం ఒరిజిస్ బయటపడింది. వెల్లూరులో మనుషులనుంచి తీసిన క్షయ నమూనాల జన్యువులను చదివినప్పుడు కూడా కొన్నింటిలో బోవిస్ బదులు ఒరిజిస్ కనిపించిందని 2020లో పరిశోధకులు ప్రకటించారు. ఆవుకూ, దుప్పికీ, మనిషికీ మధ్య ఈ క్రిమి తిరుగుతున్నప్పుడు అడవి అంచు ఊళ్లను మైదానపు ఊళ్లతో ఒకే గాటన కట్టడం సరికాదు.

మార్కాపురం, గిద్దలూరు, దోర్నాల వైపు నల్లమల అంచు ఊళ్లలో పశువులు వేసవిలో అడవిలోకి మేతకు వెళతాయి. ఎండిన వాగులో మిగిలిన ఒక్క మడుగు దగ్గర పగలు ఆవులు, రాత్రి దుప్పులు, కణుజులు నీళ్లు తాగుతాయి. పాత నెల్లూరు జిల్లా దక్షిణపు చివర శ్రీహరికోట దీవిలో అడవిపాలై తిరిగే పశువులూ చుక్కల దుప్పులూ ఒకే నేలను పంచుకుంటున్నాయి. ఇటువంటి చోట్ల అడవి జంతువులనుంచే మన పశువులకు జబ్బు వస్తుందని నిందించవద్దు. మన పశువులనుంచే వాటికి వెళ్లే అవకాశం అంతే ఉంది. నేను కోరేది ఒక్కటే, అడవిమేత ఊళ్లను ప్రత్యేక ప్రాంతంగా గుర్తించి, అక్కడ పరీక్షల ఎడం తగ్గించి, ఆ ఊళ్ల పశువు మైదానపు ఊరికి వెళ్లే ముందు తప్పకుండా పరీక్ష జరిగేలా చూడాలి. పశువైద్యుడికీ అటవీ శాఖ సిబ్బందికీ మధ్య చచ్చిన దుప్పి కబురు ఆ రోజే అందే ఏర్పాటు కూడా ఉండాలి.

ఇక అన్నిటికంటే కష్టమైన ప్రశ్న, స్పందించిన పశువును ఏమి చేయాలి? ఇతర దేశాలలో దాన్ని వధించి, నష్టపరిహారం ఇచ్చి, మందను శుభ్రం చేస్తారు. ఆస్ట్రేలియా 1970లో ఆ పని మొదలుపెట్టి 1997 చివరికి క్షయరహిత దేశమైంది. మన రాష్ట్రంలో 1977 చట్టం గోవధను నిషేధించింది, ప్రజల మనసు కూడా దానికి ఒప్పుకోదు. దీనివల్ల మనకు రెండు కొరతలు. మొదటిది, జబ్బు పశువు మందలోనే మిగిలిపోతుంది. రెండోది అంతగా ఎవరూ గమనించనిది, వధశాలలో ప్రతి పశువు గ్రంథులనూ కోసి చూసే తనిఖీ అక్కడి వర్గీకరణకు రెండో కన్నులాంటిది, ఆవుల విషయంలో మనకు ఆ కన్ను లేదు. మొదటి కొరతకు వేరుచేయడమే మార్గం. స్పందించిన పశువులకు ఊరి బయట వేరే కొట్టం, వేరే మేత, వేరే నీళ్లు ఉండాలి, వాటి పాలు కాచనిదే ఎవరూ తాగకూడదు, దూడలకు కూడా పెట్టకూడదు, వాటిని అమ్మకూడదు. రెండో కొరతకు, చచ్చిన పశువుకు శవపరీక్ష చేయడం అలవాటు కావాలి. దొమ్మ (ఆంత్రాక్స్) అనుమానం ఉంటే మాత్రం కళేబరాన్ని కోయనే కూడదన్న నియమాన్ని మరవకండి.

2018లో వెలువడిన ఒక సమగ్ర సమీక్ష మన దేశపు పశువులలో క్షయ నూటికి 7.3 వంతులు ఉండవచ్చని అంచనా వేసింది. అంటే మొదటి ఏడాది నిజాయితీగా పరీక్షిస్తే చాలా ఊళ్లకు చెడ్డ తరగతే వస్తుంది. అప్పుడు ఆ ఊరి పాలను ఎవరూ కొనకపోతే, పశువుకు బేరం రాకపోతే, పరిహారం లేకపోతే, రెండో ఏడాది ఏ రైతూ మనల్ని కొట్టంలోకి రానివ్వడు. అందుకని మొదటి మూడేళ్లు తరగతిని బేరానికి ముడిపెట్టకుండా, చెడ్డ తరగతి వచ్చిన ఊరికే వేరుకొట్టాల ఖర్చు, ఉచిత పరీక్షలు, టీకాలు ముందుగా దక్కేలా ఏర్పాటు చేయాలని శాఖ పెద్దలకు మనవి చేస్తున్నాను. నిజం చెప్పిన రైతు నష్టపోతే వర్గీకరణ అబద్ధాల పట్టిక అవుతుంది.

ఇది మనవల్ల అయ్యే పనేనా అని సందేహించేవారికి రిండర్‌పెస్ట్‌ను గుర్తుచేస్తాను. ఊళ్లకు ఊళ్లను పశువులు లేకుండా చేసిన ఆ జబ్బు మీద మన దేశం మండలాలుగా విడదీసుకుని పోరాడింది. టీకాలు ఆపి, జబ్బు మళ్లీ వస్తుందేమోనని ఊరూరా వెతికి, మెట్టు మెట్టుగా హోదాలు సంపాదించి, 2006లో రిండర్‌పెస్ట్ లేని దేశంగా అంతర్జాతీయ గుర్తింపు పొందింది. 2011లో ప్రపంచమంతా ఆ జబ్బునుంచి విముక్తమైంది. ఆ వెతుకులాటలో రోజూ ఊళ్లు తిరిగి, ఏ కేసూ లేదని రాసిన సిబ్బంది మన జిల్లాలలోనూ ఉన్నారు. ఏమీ లేదని రాయడానికి కూడా వెళ్లి చూసి రావాలన్న క్రమశిక్షణే అప్పుడు పనిచేసింది. అంటువ్యాధుల నివారణ కోసం 2009లో వచ్చిన కేంద్ర చట్టం పరీక్షించడానికి, వేరుచేయడానికి, రాకపోకలను నియంత్రించడానికి కావలసిన అధికారాన్ని ఇప్పటికే ఇచ్చింది.

కాబట్టి ఒక మండలంలో అయిదారు ఊళ్లు ఎంచుకుని మొదలుపెట్టవచ్చు. ఊరికొక రిజిస్టరు చాలు. అందులో పోగు సంఖ్య, టీకా తేదీ, సూది ముందు మందం, 72 గంటల తరువాతి మందం, కొలిచినవారి సంతకం ఉండాలి. వీటికి తోడు రెండు పుటలు ప్రత్యేకంగా కేటాయించండి. ఒకటి ఊళ్లోకి వచ్చిన పశువులకు, ఏ ఊరినుంచి, ఏ సంతనుంచి, ఏ తేదీన వచ్చాయో రాయడానికి. రెండోది ఈసుకుపోయిన ఆవులకు, చనిపోయిన పశువులకు. మొదటి పుట ఎప్పుడూ ఖాళీగా కనిపిస్తే ఆ ఊళ్లోకి పశువులు రావడం లేదని అనుకోకండి, రాయడం లేదని అనుకోండి, వెళ్లి అడగండి. ఆ పుట ఏడాదిపాటు సరిగా నిండిన ఊరికే మొదటి పరీక్ష చేయండి. ఆరు నెలలకు రెండో పరీక్ష చేసి, రెండూ శుభ్రంగా ఉంటే ఆ ఊరి పేరు పక్కన ఒకటి అని అంకె వేయండి.